ఇంజిన్ కడిగే సీసాలు: పోయాలా, వద్దా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి. సర్వీసింగ్‌లో ఆయిల్ మార్చే ముందు లోపల కడగడానికి పోసే ఇంజిన్ ఫ్లష్, ఇంధనం చల్లే ఇంజెక్టర్ల కోసం ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్, గ్యారేజీల్లో వాడే స్ప్రేలు మంచివేనా అని. ఆర్టీసీ డిపోలో ఇంజిన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో మా తమ్ముడి షెడ్డులో ఇంకా ఇంజిన్లు విప్పుతూనే ఉన్నాను. అక్కడ రోజూ వినిపించే ప్రశ్నలే ఇవి. అందుకని ఈసారి పేజీ మొత్తం వీటికే.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 2014 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ కొన్నాను. 90,000 కిలోమీటర్లు తిరిగింది. పాత ఓనర్ సర్వీస్ బుక్ ఇవ్వలేదు. ఆయిల్ మార్పిద్దామని వెళితే, "ఫ్లష్ పోద్దాం సార్, లోపలంతా శుభ్రమైపోతుంది" అన్నాడు మెకానిక్. మా బావగారేమో అది పోస్తే ఇంజిన్ బోరుకొస్తుందని భయపెడుతున్నారు. ఎవరి మాట వినాలి?
(పాఠకుడు, తణుకు)

జవాబు: ఇద్దరూ ఇంజిన్ లోపల చూడకుండానే చెబుతున్నారు. ముందు మీరు చూడండి. ఇంజిన్ చల్లారాక ఆయిల్ పోసే మూత తీసి, మూత లోపలి వైపు వేలితో రుద్దండి. సెల్‌ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. లోహం మీద గోధుమరంగు మరకలు మాత్రమే ఉంటే కంగారు లేదు, ఇన్ని కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌లో అది మామూలే. నెయ్యి కాచిన గిన్నె అడుగున గసిలాగా నల్లగా, దళసరిగా మడ్డి పేరుకుని ఉంటే మాత్రం ఫ్లష్ మాట ఎత్తవద్దు. తెల్లగా నురగలా ఉందంటే అది వేరే సంగతి. పక్క వీధికీ బజారుకీ మాత్రమే తిప్పడం వల్ల చేరిన తేమ కావచ్చు, ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తూ ఉండవచ్చు. కూలెంట్ తగ్గుతోందేమో చూసుకోండి.

మడ్డి ఉంటేనే కదా కడగాల్సింది, మరి ఉన్నప్పుడే వద్దంటారేమిటని మీరు అడగాలి. అడగవలసిన ప్రశ్నే. ఫ్లష్ సీసాలో ఉండేది చాలా వరకు కిరోసిన్ జాతికి చెందిన పలచటి పెట్రోలియం ద్రావకం, దానికి తోడు మురికిని విడగొట్టే డిటర్జెంట్. ఏళ్ల తరబడి గోడలకి పట్టిన మడ్డి పది నిమిషాల్లో పూర్తిగా కరగదు. మెత్తబడి పెచ్చులుగా ఊడుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ ఛాంబర్‌లో, పంపు ఆయిల్ పీల్చుకునే చోట సన్నటి జాలీ ఉంటుంది. స్ట్రైనర్ అంటాం. ఫిల్టర్ పంపు తర్వాత ఉంటుంది, స్ట్రైనర్ పంపుకి ముందే ఉంటుంది. కాబట్టి ఆ పెచ్చులు ఫిల్టర్ దాకా పోకుండా స్ట్రైనర్‌కే అడ్డం పడతాయి. పంపుకి ఆయిల్ అందదు, ప్రెజర్ పడిపోతుంది, కింద క్రాంక్ బేరింగులూ పైన క్యామ్ షాఫ్టూ ఆయిల్ లేక అరిగిపోతాయి. "ఫ్లష్ పోశాక వారానికే ఇంజిన్ పట్టేసింది" అని వచ్చేవాళ్ల బండ్లు విప్పితే చాలా వాటిలో కనిపించేది ఇదే. ద్రావకం ఇనుముని తినెయ్యలేదు. మడ్డిని ఉండకూడని చోటికి చేర్చింది.

మీ బావగారి భయంలో నిజం అంతవరకూ ఉంది. అందుకే మడ్డి బాగా ఉన్న ఇంజిన్‌కి చేయవలసిన పని సీసాతో కాదు, స్పానర్‌తో. ఛాంబర్ విప్పించి, స్ట్రైనర్ చేత్తో శుభ్రం చేయించండి. ఇంజిన్ పైమూత, అదే టాపెట్ కవర్, తీయించి పైన ఉన్నది గోకించి తుడిపించండి. కొత్త గాస్కెట్లు వేయించి, కంపెనీ చెప్పిన గ్రేడు మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, 3,000 కిలోమీటర్లకే మళ్లీ మార్చండి. ఆ తర్వాత ఇంకోసారి కూడా త్వరగానే మార్చండి. ఆయిల్‌లోనే కాల్షియం, మెగ్నీషియం ఉప్పుల రూపంలో డిటర్జెంట్లు ఉంటాయి, మురికిని ఉండ కట్టకుండా తేల్చి ఉంచే మందులూ ఉంటాయి. అవి నెమ్మదిగా కడుగుతాయి, కడిగినదాన్ని ఫిల్టర్‌కి అప్పజెబుతాయి. ఇంజిన్‌కి కావలసింది ఆ నెమ్మదే.

లోపల మరకలు తప్ప మడ్డి లేకపోతే, చరిత్ర తెలియని బండి కాబట్టి ఒక్కసారి ఫ్లష్ వాడినా నష్టం ఉండదు. కానీ కొలత గమనించండి. దుకాణంలో దొరికే 300 మిల్లీలీటర్ల సీసాలు చాలా వాటిని ఇంచుమించు 5 లీటర్ల ఆయిల్‌ని లెక్కలో పెట్టుకుని చేస్తారు. మీ స్విఫ్ట్‌లో పట్టేది 3 లీటర్లు, కాస్త అటూ ఇటూ. సీసా మొత్తం గుమ్మరిస్తే పదోవంతు ద్రావకమే అయి కూర్చుంటుంది. లేబుల్ మీద లీటరుకి ఎంతో చదివి అంతే పోయించండి. ఇంజిన్ వేడెక్కాక పాత ఆయిల్‌లో పోసి, లేబుల్ చెప్పిన పది పదిహేను నిమిషాలు స్లోలోనే ఉంచాలి. రేస్ చేయకూడదు, "ఒక రౌండ్ కొట్టి వస్తా" అని రోడ్డెక్కకూడదు. ఆ కాసేపూ ఆయిల్ పలచబడి, బేరింగుల మధ్య ఉండే పొర బలహీనంగా ఉంటుంది. స్లోలో ఆ పొర చాలు, బరువు పడితే చాలదు. ఆయిల్ గుర్తున్న ఎర్ర లైటు వెలిగితే ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి. తర్వాత వేడి మీదే డ్రెయిన్ నట్టు తీసి, చుక్క కారడం ఆగేదాకా వదిలేయాలి. తొందరపడితే మిగిలిన ద్రావకం కొత్త ఆయిల్‌నీ పలచన చేస్తుంది. ఫిల్టర్ కూడా ఫ్లష్ అయ్యాకే మార్చాలి.

ఇక ప్రతి 10,000 కిలోమీటర్లకీ, లేదా ఏడాదికోసారి, ఆయిల్ మార్చే బండికి ఫ్లష్ అక్కర్లేదు. ప్రతి సర్వీసింగ్ బిల్లులోనూ అది కనిపిస్తుంటే వద్దని నిక్కచ్చిగా చెప్పండి. ఆయిల్ డబ్బా మీద ఉండే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు ఆ ఆయిల్‌కి ఇచ్చిన లైసెన్సు, అందులో మనం విడిగా కలిపే మందులకి అది వర్తించదు. వారంటీలో ఉన్న బండైతే మాన్యువల్ తెరిచి చూడండి, చాలా కంపెనీలు విడి అడిటివ్‌లు వద్దనే రాస్తాయి.

ప్రశ్న: ఫ్లష్ పోసి ఆయిల్ మార్పించిన పది రోజులకి మా పాత ఐ10 కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ఫ్లష్‌కీ దీనికీ సంబంధం లేదంటున్నాడు గ్యారేజీ అతను. నిజమేనా?
(పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: సంబంధం ఉండవచ్చునమ్మా, లేకపోనూ వచ్చు. ముందు తేలిగ్గా బయటపడేవి చూడాలి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూడకుండా దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై అక్కడ కారుతుంది. డ్రెయిన్ నట్టు కింద వాషర్ మార్చకపోయినా కారుతుంది. ఈ రెండూ ఫ్లష్ తప్పు కాదు, చేసిన పనిలో తప్పు. గ్యారేజీ అతనే డబ్బు తీసుకోకుండా సరిచేయాలి.

అవి బాగుంటే అప్పుడు సీళ్లు చూడాలి. పాతబడిన ఆయిల్ సీలు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆ సందుని ఇన్నాళ్లూ మడ్డే పూడ్చి ఉంచుతుంది. ద్రావకం మడ్డిని కడిగేయగానే సీలు అసలు పరిస్థితి బయటపడుతుంది. అంటే సీలు అంతకు ముందే పోయింది, ఇప్పుడు మీకు కనిపించింది. ఇంజిన్ బయట శుభ్రంగా తుడిపించి, ఒక రోజు తిప్పి, తడి ఎక్కడ మొదలవుతోందో పైనుంచి కిందికి వెతికించండి. టాపెట్ కవర్ గాస్కెట్ అయితే చిన్న పని. వెనక క్రాంక్ సీలైతే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చు ఎక్కువ.

లీకు ఆపుతుందంటూ ఇంకో సీసా తెచ్చి పోయకండి. అది రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతుంది, రోగం అలాగే ఉంటుంది. ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడుతోందేమో ఇవాళే చూడండి. కాలిన వాసన వస్తుంటే బండి తీయవద్దు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. సరిచేయించేదాకా వారానికోసారి ఆయిల్ గేజ్ తీసి చూస్తూ ఉండండి.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచి మాకు జీపు, ఇప్పుడు బొలెరో. పాత మేస్త్రి ఆయిల్ దించాక ఛాంబర్‌లో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు తిప్పేవాడు. కొత్త బండికీ అలాగే చేయమంటే కుర్ర మెకానిక్ ఒప్పుకోవడం లేదు.
(పాఠకుడు, ఖమ్మం జిల్లా)

జవాబు: ఆ కుర్రవాడికి నా తరఫున శెభాష్ అని చెప్పండి. మీ మేస్త్రిని కూడా నేను తప్పు పట్టను. ఆ రోజుల్లో ఆయిళ్లలో ఇప్పుడున్నన్ని డిటర్జెంట్లు ఉండేవి కావు, మడ్డి కింద పేరుకునేది. ఇంజిన్లు నెమ్మదిగా తిరిగేవి, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో లేదు. డిపోల్లోనూ కిరోసిన్ పోసి కడగడం నేను చూశాను.

మీ బొలెరోలో టర్బో ఉంది. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు, అదీ ఆయిల్ పొర మీద తేలుతూ. ఉత్త కిరోసిన్‌కి ఆ పొర నిలబెట్టే చిక్కదనం లేదు. ఐదు నిమిషాలు కాదు, ఒక్క నిమిషమైనా గీతలు పడవచ్చు. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. కిరోసిన్ ఆవిరికి 35 డిగ్రీలు దాటితే అంటుకునే గుణం వస్తుంది. తిరిగే ఇంజిన్ లోపల అంతకు రెట్టింపు పైనే వేడి. ఆ ఆవిరి, ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి తీసే బ్రీదర్ పైపు ద్వారా, గాలితోపాటు సిలిండర్‌లోకి పోతుంది. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ అక్కర్లేదు కదా, ఏది దొరికితే అది కాల్చుకుంటుంది. తాళం తీసేసినా ఆగకుండా రేస్ అయిపోతూ పోతుంది. అలా ఎగబాకిన ఇంజిన్‌ని ఆపాలంటే గాలి వచ్చే దారి మూయాలి, దాని దగ్గరికి వెళ్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

డీజిల్ ట్యాంకులోనూ కిరోసిన్ కలపకండి. ఇప్పటి డీజిల్ ఇంజిన్లలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే కామన్ రైల్ పంపుకి డీజిలే ఆయిల్. మన దేశపు డీజిల్‌కి జారుడు గుణం ఇంత ఉండాలని ప్రమాణం ఉంది. పరీక్షలో లోహం మీద పడే అరుగుదల గుర్తు 460 మైక్రాన్లు దాటకూడదు. కిరోసిన్ కలిస్తే ఆ గుణమే తగ్గుతుంది, పంపు అరుగుతుంది, ఆ రజను ఇంజెక్టర్లలోకి పోతుంది.

ప్రశ్న: ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 1.0 ఎకోబూస్ట్. ఫ్లష్ పోయించవచ్చా?
(పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: వద్దు. మీ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. రబ్బరు కలిసిన బెల్టు అది. పెట్రోల్ కలిసి పలచబడిన ఆయిలే దానికి పడదు, ద్రావకం అసలే పడదు. పొరలు లేచి ముక్కలు రాలితే అవి వెళ్లి స్ట్రైనర్‌కి అడ్డం పడతాయి. 1.0 లీటర్ ఇంజిన్ ఉన్న ఎకోస్పోర్ట్, ఫోకస్ కార్లను ఆయిల్ పంపు తిప్పే బెల్టు విషయంలో 2023 చివర్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ రీకాల్ చేసింది. కాబట్టి ఈ ఇంజిన్‌లో బెల్టు తేలిగ్గా తీసుకునే వస్తువు కాదు. ఫోర్డ్ చెప్పిన 5డబ్ల్యూ-20 గ్రేడు, 948-బి స్పెసిఫికేషన్ ఉన్న ఆయిలే వేయించండి, గడువు దాటనివ్వకండి. బండి పాతదై ఉంటుంది, బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఫ్లష్‌కి పెట్టే డబ్బు దానికి దాచండి.

ప్రశ్న: మాది టర్బో జీడీఐ పెట్రోల్ కారు. పికప్ కొంచెం తగ్గింది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ వల్ల ఇంజెక్టర్లు, వాల్వులు మురికి పట్టాయి, ట్యాంకులో పోసే క్లీనర్ వాడితే రెండూ శుభ్రమవుతాయని బంకులో చెప్పారు. సురక్షితమేనా?
(పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్)

జవాబు: సురక్షితమే కావచ్చు, కానీ మీరనుకునే పని అంతా చేయదు. మామూలు పెట్రోల్ ఇంజిన్లలో, ఉదాహరణకి మారుతీ కె సిరీస్ ఇంజిన్లు చాలా వాటిలో, ఇంజెక్టర్ వాల్వు వెనక కూర్చుని పెట్రోల్ చల్లుతుంది. పెట్రోల్ వాల్వుని తడుపుతుంది కాబట్టి అందులో కలిపిన క్లీనర్ కూడా వాల్వుని తాకుతుంది. మీ జీడీఐలో ఇంజెక్టర్ సిలిండర్ లోపలే, 200 బార్, ఆ పైన ఒత్తిడితో చల్లుతుంది. వాల్వు వెనక భాగానికి పెట్రోల్ చుక్క తగలదు. అక్కడ పేరుకునే నల్లటి కార్బన్ ఇంజిన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వల్ల చేరుతుంది. ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా అది కదలదు. మ్యానిఫోల్డ్ విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేసే పద్ధతి ఉంది. అది తెలిసిన చోట చేయించుకోవాలి. నడుస్తున్న టర్బో ఇంజిన్‌లోకి గాలి పైపు నుంచి స్ప్రే కొట్టించుకోవడం నేను ఒప్పుకోను, ఊడిన గట్టి కార్బన్ ముక్క టర్బో రెక్కలకి తగిలితే నష్టం మీదే.

ఇంజెక్టర్ మొన మీది మురికికీ, పిస్టన్ మీది కార్బన్‌కీ మాత్రం క్లీనర్ పనికొస్తుంది. లేబుల్ మీద పాలీఈథర్ అమీన్ అని, పీఈఏ అని ఉన్నది వెతకండి. వేడికి తట్టుకుని పనిచేసే డిటర్జెంట్ అది. ఉత్త ద్రావకం అమ్మే సీసాల కంటే అది మేలు. కొన్ని కార్ల కంపెనీల మాన్యువల్‌లోనే, పెట్రోల్ నాణ్యత మీద అనుమానం ఉంటే ఇన్ని వేల కిలోమీటర్లకోసారి ఒక సీసా కలపమని ఉంటుంది. మీ మాన్యువల్ ఏమంటుందో చూడండి. ముందు సీసా పోసి తర్వాత ట్యాంకు నింపితే బాగా కలుస్తుంది. ఒకటి చాలు, రెండు పోస్తే రెట్టింపు మంచిదనుకోకండి. కొంత భాగం రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది, అందుకే ఆయిల్ మార్చే గడువుకి కాస్త ముందు వాడటం తెలివైన పని. ఆక్టేన్ పెంచుతామని మాంగనీసు, ఫెరోసీన్ కలిపే సీసాలు మాత్రం ముట్టుకోవద్దు. అవి ప్లగ్గుల మీదా, ఆక్సిజన్ సెన్సర్ మీదా, క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనూ పేరుకుంటాయి.

ఈ20 గురించి కూడా చెప్పాలి. ఇథనాల్ తానే ఒక ద్రావకం. పాత బండి ట్యాంకులో ఏళ్లుగా పట్టిన జిగురుని అది వదిలించి ఫ్యూయల్ ఫిల్టర్‌కి చేరుస్తుంది. పికప్ తగ్గినప్పుడు ఇంజెక్టర్‌ని అనుమానించే ముందు ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూపించండి. చెక్ ఇంజిన్ లైటు ఉంటే స్కాన్ చేయించండి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండైతే పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేవో కావో కంపెనీని అడగండి. ఇథనాల్‌ని విరిచేస్తామనే సీసాలు కొంటున్నారు కొందరు. ట్యాంకులో కలిసిన ఇథనాల్‌ని ఏ సీసా కూడా మాయం చేయలేదు.

ప్రశ్న: నేను ఇక్కడ మా కారుకి వాడే క్లీనర్ బాగా పనిచేస్తుంది. తెనాలిలో నాన్నగారి వ్యాగన్ఆర్‌కి వాడదామని, సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు డబ్బాలు చెక్ఇన్ బ్యాగులో తెస్తాను. ఎంత పోయాలి?
(పాఠకుడు, డాలస్, అమెరికా)

జవాబు: బాబూ, ముందు ఆ డబ్బాలు బ్యాగులోంచి తీసేయండి. నాఫ్తా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటివి ఉండే డబ్బాలు మండే ద్రవాల కిందికి వస్తాయి. చేతి సంచీలోనే కాదు, చెక్ఇన్‌లోనూ విమానం ఎక్కించకూడదు. మూత గట్టిగా బిగించాం, కవర్లో చుట్టాం అంటే కుదరదు. వందల మంది కూర్చునే విమానంలో, వాళ్ల కిందే పెట్టే సామాను అది.

మీ దగ్గర కారు శుభ్రంగా ఉండటానికి ఆ డబ్బా ఒక్కటే కారణం కాదు. అమెరికాలో పెట్రోల్‌లో కనీస డిటర్జెంట్ ఉండాలని 1995 నుంచి నిబంధన ఉంది. అది చాలదని బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టయోటా కలిసి 2004లో టాప్ టియర్ అనే ప్రమాణం తెచ్చాయి. 2016లో అక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ఏ పరీక్షిస్తే, 4,000 మైళ్ల నడకకి సమానంగా తిప్పాక, ఆ ప్రమాణం లేని పెట్రోల్‌తో వాల్వుల మీద 19 రెట్లు ఎక్కువ మురికి పేరుకుంది. అంటే రోజూ పోసే ఇంధనంలోనే మందు ఉంటే సీసాల అవసరం అంతగా తగ్గుతుంది. నాన్నగారి బండికి నడిచే రద్దీ బంకులో పెట్రోల్, గడువుకి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్. కావాలంటే ఇక్కడే దొరికే పీఈఏ సీసా ఏడాదికొకటి. అంతకు మించి ఆ ఇంజిన్ అడగదు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఐటీఐ మెకానిక్ కోర్సు అయ్యాక కార్ల గ్యారేజీలో చేరాడు. పార్టులన్నీ పెట్రోల్‌తో, థిన్నర్‌తో, ఏవో స్ప్రేలతో కడుగుతాడట. చేతులు పగిలిపోయాయి. సాయంత్రానికి తలనొప్పి, అన్నం సహించడం లేదు. బట్టల నిండా పెట్రోల్ వాసన. అలవాటైపోతుందిలే అంటున్నారు అందరూ. నాకు టెన్షన్‌గా ఉంది.
(ఒక తల్లి, నెల్లూరు)

జవాబు: అమ్మా, ఈ నెల అన్ని ఉత్తరాల్లోకీ నేను ఎక్కువసేపు చదివింది మీదే. మీ భయం సరైనది. ఇది అలవాటు కావలసిన విషయం కాదు. వాసన తెలియకుండా పోతుందంటే ముక్కు అలిసిపోయిందని అర్థం, ఒంట్లోకి పోవడం ఆగిందని కాదు.

పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది. బీఎస్6 ప్రమాణం ప్రకారం నూటికి 1 వంతు దాకా ఉండవచ్చు. రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థంగా రుజువైనది అది. థిన్నర్‌లో టోలీన్ తలనొప్పి, తల తిరగడం, మగత తెస్తుంది. ఇవి చర్మంలోని జిడ్డుని లాగేస్తాయి, అందుకే చేతులు పగులుతాయి. పగిలిన చర్మం నుంచి ఇంకా తేలిగ్గా లోపలికి పోతాయి. కొన్ని బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో ఎన్-హెక్సేన్ ఉంటుంది. 1999, 2000 సంవత్సరాల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో అలాంటి స్ప్రేలు వాడిన కార్ల మెకానిక్‌లకి కాళ్లూ చేతుల నరాలు దెబ్బతిన్నాయని అక్కడి ఆరోగ్యశాఖ వాళ్లు గుర్తించారు. మీవాడిని అడగండి: కాలి వేళ్లు, చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా, స్పానర్ పట్టు సడలుతోందా అని. అవునంటే ఆలస్యం చేయకుండా నరాల డాక్టర్‌కి చూపించండి. ఏయే ద్రావకాలతో పనిచేస్తాడో పేర్లు రాసి తీసుకెళ్లండి, డబ్బాల ఫొటోలు తీసినా సరే. తలనొప్పికి కూడా మాత్ర వేసి ఊరుకోకండి, ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

గ్యారేజీలో మారవలసినవి ఆ యజమానికి చెప్పాలి. ఈ పేజీ చూపించండి. పార్టులు పెట్రోల్‌తో కడగడం మానాలి. సున్నాకి దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది, నెల్లూరు ఎండలో చెప్పేదేముంది! ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి, బండి కింద పనిచేయడానికి తవ్విన గుంతలో (పిట్‌లో) నిలుస్తుంది. అక్కడ ఒక స్విచ్చి, ఒక వెల్డింగ్ రవ్వ, ఒక బీడీ చాలు. కంప్రెసర్ గన్‌లో పెట్రోల్ పోసి కొట్టడం అన్నిటికంటే దారుణం, మండే పొగమంచు చేసి అందులో నిలబడినట్టే. డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లూ బ్రష్షూ చాలా పార్టులకి సరిపోతాయి. మరీ జిడ్డు పట్టినవాటికి నీళ్లలో కలిపి వాడే డీగ్రీజర్లు దొరుకుతాయి. స్ప్రే తప్పనిసరైతే షట్టర్ బయట, గాలి తగిలే చోట వాడాలి. లేబుల్ మీద క్లోరిన్ పేరుతో ఉన్న రసాయనాలు, మిథైలీన్ క్లోరైడ్, పెర్‌క్లోరోఎథిలీన్ లాంటివి కనిపిస్తే ఆ పార్టు పూర్తిగా ఆరకుండా వెల్డింగ్ పెట్టకూడదు. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. గుడ్డ గ్లవ్స్ పెట్రోల్ పీల్చుకుని చేతికి పట్టు వేసినట్టే ఉంచుతాయి, ఉపయోగం లేదు. ముక్కుకి కట్టే గుడ్డా, సర్జికల్ మాస్కూ ధూళిని ఆపుతాయేమో గానీ ఆవిరిని ఆపవు. దానికి బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ ఉంటుంది. చేతుల మీది గ్రీజు పోవడానికి పెట్రోల్ వద్దు, ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోమనండి. ఇంటికొచ్చాక ఆ బట్టలతో పొయ్యి దగ్గరికి రానివ్వకండి. విడిగా, బయట ఆరబెట్టి ఉతకండి.

ఇంకొక్కటి. నోటితో పైపు పీల్చి పెట్రోల్ తీసే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి. మింగిన దానికంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన రెండు చుక్కలు ప్రమాదం. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, ఉప్పు నీళ్లు తాగించకూడదు, నేరుగా 108కి ఫోన్ చేయాలి. థిన్నర్, కిరోసిన్ నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంటికి తేవద్దని చెప్పండి. పిల్లలకి నీళ్లకీ దానికీ తేడా తెలియదు.

ఇవేవీ కుదరవని ఆ యజమాని అంటే, అబ్బాయిని అక్కడ మాన్పించండి. చేతిలో పని ఉన్న కుర్రాడికి ఇంకో గ్యారేజీ దొరుకుతుంది.

ప్రశ్న: స్ప్లెండర్ బైకు, పాతది. కారుకి పోసిన ఫ్లష్ సగం మిగిలింది. బైకుకి పోయవచ్చా?
(పాఠకుడు, అనంతపురం)

జవాబు: పోయకండి. కారులో క్లచ్ ఆయిల్‌కి దూరంగా ఉంటుంది, బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. పైగా మీ బండిలో పట్టేదే లీటరు లోపు, సగం సీసా అంటే మోతాదుకి రెండు రెట్లకు పైనే. స్ప్లెండర్‌లో కారులాగా కాగితం ఫిల్టర్ ఉండదు. లోపల ఒక జాలీ, తిరుగుతూ మురికిని అంచులకి విసిరే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. కుడివైపు కవర్ విప్పితే గానీ అవి కనిపించవు, అందుకే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు ఆ కవర్ తీయించి రెండూ శుభ్రం చేయించండి, గాస్కెట్ కొత్తది వేయించండి. మిగిలిన ఫ్లష్‌ని మూత బిగించి, ఎండ తగలని చోట, పిల్లలకి అందకుండా, దాని సీసాలోనే ఉంచండి. డ్రైనేజీలో పారబోయవద్దు. ఫ్లష్ కలిసిన పాత ఆయిల్‌ని సెంట్రింగ్ చెక్కలకి పూయడానికి కూడా ఇవ్వకండి, మామూలు ఆయిల్ కంటే అది త్వరగా అంటుకుంటుంది. పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకే ఇమ్మని గ్యారేజీలో చెప్పండి.